కంచె గిరాకీ, జనవరి నుంచి జూన్ దాకా

మిల్లు క్వార్టర్లు,
జూన్ 28

అక్కా,

నీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులైంది. జవాబు రాయనందుకు నామీద పళ్లు నూరుతూ ఉంటావని తెలుసు. మీ కంచె సామాను కొట్లో ఫోను ఉంటే ఎప్పుడో మాట్లాడేవాణ్ణి. ఉన్న ఫోను తీయించేసింది మీరు, తిట్లు తినేది నేను.

తీగల మిల్లులో చేరి నాలుగు నెలలు నిండాయి. నన్ను గిరాకీ లెక్కల గదిలో కూర్చోబెట్టారు. కిటికీ తెరిస్తే యంత్రాల మోత, మూస్తే ఉక్క. కంచె సామాను ఏ ఊళ్లో ఏది ఎంత పోతోంది, ఏది పెరుగుతోంది, ఏది తగ్గుతోంది అని రాసి పెద్దసారుకి ఇవ్వాలి. ఆయన ఆ కాగితం చూసి ఏ యంత్రం నడపాలో, ఏది ఆపాలో చెబుతారు. నలభై కొట్లకి రాస్తే ఏడుగురు జవాబిచ్చారు. అందులో ఒకాయన 'ఏదో, మీ దయ' అని రాసి ఊరుకున్నాడు. ఆ దయని ఏ గడిలో వేయాలో తెలియక తల పట్టుకున్నాను.

నీ దగ్గర కొలతల పుస్తకం ఉంది కదా. పోయిన ఏడాది మొదటి ఆరు నెలలు ఎన్ని మీటర్లు, ఈ ఏడాది మొదటి ఆరు నెలలు ఎన్ని మీటర్లు, రాసి పంపు. నా పరీక్షా కాలం ఆగస్టు ఆఖరుకి అయిపోతుంది. ఈ కాగితం బాగుంటేనే ఉద్యోగం ఖాయం చేస్తారు. తాళ్ల ఫ్యాక్టరీ మూతపడ్డాక రెండేళ్లు నేను ఇంట్లో ఎలా కూర్చున్నానో నువ్వు చూశావు. నీ మరదలు కుట్టుపని చేసి ఇల్లు నడిపింది. మళ్లీ ఆ రోజులు చూసే ఓపిక నాకు లేదు.

బావగారిని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు


కొట్టు,
జూలై 5

పని పడితే తప్ప అక్క గుర్తురాని తమ్ముడికి,

నాలుగు వాక్యాలు నామీద ఎగిరి, ఆ తర్వాత మెల్లగా పని చెప్పావు. చిన్నప్పటి నుంచీ నీది ఇదే వరస.

మీ బావ రెండు రోజులు పుస్తకం ముందేసుకుని కూడిక వేశారు. తీగ తెగి కొట్టినప్పటి నుంచి ఆయన కుడిచేతి వేళ్లు విప్పుకోవు కదా, ఎడమచేత్తో రాశారు. అంకెలు కాస్త వాలి ఉంటాయి, ఓపిగ్గా చదువుకో. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దించారు. ఒక్క మీటరు కూడా అటూ ఇటూ లేదు.

అంకెలు సరే గానీ, అసలు సంగతి నన్నడుగు. ముళ్లతీగ పనైపోయింది. పాత తోటల వాళ్లు తప్ప ఎవరూ అడగడం లేదు. పిల్లలు గీసుకుంటే సూదిమందుకి పరిగెత్తాలని ఆడవాళ్లు అడ్డం పడుతున్నారు. అందరికీ అల్లిన తీగ జాలీ కావాలి. కర్ర గుంజలు చెదలు తింటున్నాయని సిమెంటు స్తంభాల మీద పడ్డారు. ఈమధ్య రేకులు కూడా అడుగుతున్నారు. మనిషి దేనికి భయపడుతున్నాడో చూసి సరుకు తీయడం మీ బావ పద్ధతి. మేకలకి భయపడితే జాలీ, దొంగలకి భయపడితే ముళ్లతీగ, పక్కింటావిడ చూపుకి భయపడితే రేకు. ఈ ముక్క మీ పెద్దసారుకి చెప్పు, నిన్ను కుర్చీలోంచి లేవనివ్వడు.

టైలరూ, హెడ్మాస్టరూ కంచె దగ్గర తన్నుకున్నారని డిసెంబరులో రాశాను, గుర్తుందా? ఇప్పుడు అదే కంచెకి ఇటొకరూ అటొకరూ ఆనుకుని గంటలకొద్దీ కబుర్లు. మధ్యలో మా బుర్ర తిన్నందుకు ఇద్దరికీ చెరొకటి వేయాలనిపిస్తుంది.

మరదలికి కళ్లు మండుతున్నాయని అప్పుడెప్పుడో రాశావు. దీపం పెట్టాక కుట్టవద్దని చెప్పు.

అక్క


మిల్లు క్వార్టర్లు,
జూలై 24

అక్కకీ, బావగారికీ,

ఈ ఉత్తరం నిలబడే రాస్తున్నాను, కూర్చుంటే కాలు నిలవడం లేదు.

మీరు పంపిన అంకెలు పెట్టి కాగితం తయారుచేసి ఇచ్చాను. అన్ని ఊళ్లలోనూ గిరాకీ కాస్త అటూ ఇటూ ఉంటే, మీ ఊళ్లో రెట్టింపు దాటింది. పెద్దసారు నన్ను తన గదికి పిలిచి కుర్చీ చూపించారు. ఇంతవరకూ ఆ గదిలో నేను కూర్చున్నది లేదు. "ఈ కొట్టు మన దగ్గర కొనేది పావు వంతే, మిగతాదంతా ఎవరి దగ్గర కొంటున్నారు?" అన్నారు. మీరు మూడు చోట్ల సరుకు తెస్తారని చెప్పాను. "అయితే మనమే వెళదాం" అన్నారు.

మిల్లు వాళ్లు మీ ఊళ్లో డిపో తెరుస్తున్నారు. మీ ఎదురుగా ఖాళీగా ఉన్న గోదాము మాట్లాడేశారట. మిల్లు ధరకే నేరుగా అమ్మకం. ఇదంతా నా కాగితం వల్ల. డిపో చూసుకోవడానికి నమ్మకమైన మనిషి కావాలంటే బావగారి పేరు చెప్పాను. ఎండలో తీగచుట్టలు దొర్లించే బాధ తప్పుతుంది. నీడపట్టున కూర్చుని చీటీలు రాసుకోవచ్చు.

నీ తమ్ముడు ఇన్నాళ్లకి ఒక పనికొచ్చే పని చేశాడు. సంతోషించు.

తమ్ముడు


కొట్టు,
ఆగస్టు 1

తమ్ముడికి,

సంతోషించమన్నావు. సంతోషం పట్టలేక నిన్నటి నుంచి పొయ్యి వెలిగించలేదు.

నువ్వు ఈ కొట్లోనే పెరిగావు. మేం సరుకు తెచ్చి, పైన కాస్త వేసుకుని అమ్ముకుంటాం. రోడ్డుకి అవతల మిల్లు ధరకే దొరుకుతుంటే ఇవతలికి ఎవడొస్తాడు? నా మొహం చూసి వస్తాడా? మీ బావని డిపోలో కూర్చోబెడతానని వరం ఇచ్చావు. ఇరవై రెండేళ్లుగా తన గుమ్మంలో తను కూర్చున్న మనిషి అది. ఆయన నీ ఉత్తరం చదివి మడత పెట్టి నా చేతికిచ్చి, వెళ్లి చుట్టలకి పట్టిన తుప్పు గోకుతూ కూర్చున్నారు.  తిట్టినా బాగుండేది.

నా పుస్తకం అడిగితే నా తమ్ముడికే కదా అని ఇచ్చాను. అది పట్టుకెళ్లి నా పొట్ట మీదే కొట్టావు. నన్నొక మాట అడిగితే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?

మరదలికి ఈ గొడవ చెప్పకు.

అక్క


మిల్లు క్వార్టర్లు,
ఆగస్టు 8

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నేను దొంగతనం చేసినట్టు రాశావు. అంకెలు నేను కల్పించానా? పోయిన ఏడాది ఆరు నెలలకి 6,200 మీటర్లు, ఈ ఏడాది అదే ఆరు నెలలకి 13,100. రెండూ బావగారి చేతిరాతే. అంత గిరాకీ ఉన్నచోటికి ఇవాళ మా మిల్లు రాకపోతే రేపు ఇంకో మిల్లు వస్తుంది. రెట్టింపు అమ్ముకుంటూ కూడా పొయ్యి వెలిగించలేదని రాస్తే ఏమనుకోను? నేను రెండేళ్లు ఖాళీగా ఉన్నప్పుడు నామీద జాలిపడటం నీకు తేలికగా ఉండేది. ఇప్పుడు నేను ఎదుగుతుంటే నీకు మింగుడుపడటం లేదు. ఈ మాట రాసి కొట్టేద్దామనుకున్నాను. కొట్టేయడం లేదు.

ఇంకొకటి. ఈ నెల 29న మా తనిఖీ ఆయన మీ కొట్టుకి వస్తారు. కళ్లద్దాలు పెట్టుకుని సన్నగా ఉంటారు, తక్కువ మాట్లాడతారు. పుస్తకం స్వయంగా చూసి, అంకెలు సరైనవేనని మీ సంతకం తీసుకుంటారు. ఆ సంతకం వచ్చాకే డిపో సంగతీ, నా ఉద్యోగం సంగతీ తేలుస్తారు. నామీద కోపముంటే నామీదే ఉంచుకో. పుస్తకం మాత్రం దాచకు.

తమ్ముడు


కొట్టు,
ఆగస్టు 16

నాన్నా,

తిట్టడానికే కాగితం తీశాను. కానీ నువ్వు రాసిన రెండు అంకెలు చూసి చెయ్యి ఆగిపోయింది. 13,100 ఎక్కడిదని పుస్తకం తీసి కూర్చున్నాను. మీ బావనీ పిలిచాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

నెమ్మదిగా చదువు. పోయిన ఏడాది దాకా కంచె ఎవరు వేయించుకుంటే వాళ్లే కొలిచి తెచ్చేవారు. ఒక కంచెకి ఒక కొలత. టైలరు ఒక్కడే కొలుచుకుని జానెడు లోపలికి వేయించినందుకే కదా హెడ్మాస్టరుతో తన్నులాట. ఇద్దరూ వచ్చి మా గుమ్మంలో నిలబడి మమ్మల్నే తిట్టారు. అప్పుడు మీ బావ జనవరి ఒకటి నుంచి కొత్త పద్ధతి పెట్టారు. సరిహద్దుకి ఇటువాళ్లూ, అటువాళ్లూ విడివిడిగా కొలిచి తేవాలి. రెండూ పుస్తకంలో రాస్తాం. రెండూ కలిస్తేనే తీగ కోస్తాం. అంటే ఇప్పుడు ఒక్క కంచెకి పుస్తకంలో రెండు కొలతలు ఉంటాయి. అమ్మేది ఒకదానికే.

13,100లో సగం తీసెయ్యి. 6,550 ఉంటుంది. పోయిన ఏడాది కంటే మూడువందల యాభై మీటర్లు ఎక్కువ, అంతే. అందులో కూడా కొంత హెడ్మాస్టరు పంతానికి పోయి పెరడంతా చుట్టించినది.

గొడవ సంగతి రాశాను గానీ పద్ధతి సంగతి రాయలేదు. మాకు రోజూ చేసే పని కాబట్టి నీకూ తెలుసనుకున్నాం. మీ బావ నిన్నటి నుంచి తన ఎడమచేతినే తిట్టుకుంటున్నారు. తప్పు నీది కాదురా. పోయిన ఉత్తరంలో నిన్ను అన్న మాటలకి సిగ్గుగా ఉంది.

కానీ ఇప్పుడేం చేయాలి? నిజం చెబితే నీ కాగితం చిత్తుకాగితం అవుతుంది, నీ ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఆ డిపో వస్తుంది. లేని గిరాకీ కోసం వచ్చిన డిపో ఏడాదిలో మూతపడుతుంది, మేం అంతకన్నా ముందే మూసుకుంటాం. నాకు బుర్ర పనిచేయడం లేదు. ఏం చేయమంటావో రాయి.

అక్క


మిల్లు క్వార్టర్లు,
ఆగస్టు 21

అక్కా,

నీ ఉత్తరం చదివి చించేశాను. ఆఫీసు గదిలో ఎవరి కంటైనా పడుతుందని భయం.

సూటిగా రాస్తున్నాను. 29న అన్నీ అమ్మకాలేనని చెప్పు. ఆ పద్ధతి సంగతి ఎత్తకు. ఒక్క సంతకం. డిపో వెంటనే రాదు, గోదాముకి మరమ్మతులే నాలుగు నెలలు పడతాయి. ఈలోగా నా ఉద్యోగం ఖాయమవుతుంది. ఖాయమయ్యాక నేనే ఏదో ఒక దారి చూసి, పొరపాటు జరిగిందని మెల్లగా చెబుతాను. ఖాయమైన మనిషిని తీసేయడం అంత తేలిక కాదు.

నిన్న నీ మరదలు కుట్టుమిషను అమ్మేస్తానంది. ఇక అక్కర్లేదు కదా అని నవ్వుతూ అంది. ఆ నవ్వు చూశాక నిజం చెప్పే ధైర్యం నాకు లేదు. నిన్ను ఇంతవరకూ ఏమీ అడగలేదని అనను, అన్నీ నిన్నే అడిగాను. ఇదొక్కటీ చెయ్యి.

బావగారికి ఎలా చెబుతావో నీ ఇష్టం.

తమ్ముడు


కొట్టు,
ఆగస్టు 29, సాయంత్రం

తమ్ముడూ,

నువ్వు చెప్పినట్టే చేశాను.

కారు పన్నెండింటికి వచ్చింది. కళ్లద్దాలాయన కుర్చీ వేస్తే కూర్చోలేదు, జాలీ చుట్ట మీద కూర్చున్నాడు. మంచినీళ్లు కూడా వద్దన్నాడు. పుస్తకం మొదటి నుంచి ఒక్కో పేజీ వేలు పెట్టి చదివాడు. నేను గల్లా పక్కన నిలబడ్డాను. మార్చి నెల దగ్గర ఆగాడు.

"అమ్మా, ఒకే వారంలో ఒకే పొడవు రెండేసిసార్లు ఉంటోంది. ఎందుకని?"

 ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, అబద్ధం దానంతటదే వచ్చింది. "ఇక్కడ ఒకరి కంచెని ఒకరు నమ్మరండీ. పక్కవాళ్లు వేస్తే దాన్ని ఆనుకుని వీళ్లూ ఒకటి వేయించుకుంటారు" అన్నాను.

ఆయన మొదటిసారి నవ్వాడు. "అలాంటి ఊరైతే గిరాకీకి కరువేముంటుంది" అని రాసుకున్నాడు. అమ్మకాల చీటీలేవైనా ఉన్నాయా అన్నాడు. చీటీలు కొన్నవాళ్లే పట్టుకుపోతారని చెప్పాను, అది నిజమే. తర్వాత మీ బావ వైపు తిరిగి, "మీరేమంటారు?" అని అడిగాడు. ఈయన నా వైపు చూశారు. "ఆవిడ చెప్పిందే" అని, లేచి వెనక దొడ్లోకి వెళ్లిపోయారు. నేను సంతకం పెట్టాను.

కారు వెళ్లాక ఆయన్ని పలకరించాను. పలకలేదు. కోపం కాదు. కొట్టు పోతుందన్న బాధా కాదేమో. ఆయన పెట్టిన పద్ధతి ఊళ్లో గొడవలు ఆపింది, అది ఆయన చేసిన మంచి పని. దాన్ని నేను ఊరివాళ్ల మీద నిందగా మార్చి చెప్పాను. నాకు నామీద అసహ్యంగా ఉంది, నీమీద కూడా ఉంది. అయినా నీ ఉద్యోగం నిలబడాలనే కోరుకుంటున్నాను.

మిషను అమ్మవద్దని మరదలికి చెప్పు.

అక్క


మిల్లు క్వార్టర్లు,
ఆగస్టు 29, ఉదయం

అక్కా,

రాత్రి ఉత్తరం ఒకటి మొదలుపెట్టి ఆపేశాను. తెల్లారాక నీ మరదలికి అంతా చెప్పాను. తను ఒక్కటే అడిగింది, "వదిన చేత అబద్ధం చెప్పించి తెచ్చిన జీతం ఏ చేత్తో ఇస్తారు?" అని.

ఎనిమిదింటికి పెద్దసారు గదికి వెళ్లి, రెండు వైపుల కొలతల సంగతి, నేను సగానికి బదులు మొత్తం రాసిన సంగతి చెప్పేశాను. నిన్ను అబద్ధం చెప్పమని రాశానని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. ఆయన బయట కూర్చోమన్నారు. తనిఖీ ఆయన అప్పటికే కారులో బయలుదేరారు. మీ దగ్గర ఫోను లేదు. ఎవరి చేతైనా కబురు పంపుదామంటే కారుని మించి పోయే మనిషెవరు?

ఆయన అడిగితే నిజమే చెప్పు. నేను రాసిన ఉత్తరం మరిచిపో. ఇది నీకు రేపో ఎల్లుండో అందుతుందని తెలిసి కూడా రాస్తున్నాను. నీకు నాకంటే బుద్ధి ఎక్కువ, నా మాట విని ఉండవని ఆశ.

తమ్ముడు


మిల్లు క్వార్టర్లు,
సెప్టెంబరు 3

అక్కా,

నీ ఉత్తరం అందకముందే సంగతి తెలిసిపోయింది. నన్ను తీసేశారు.

పెద్దసారు బల్ల మీద నేను చెప్పింది రాసుకున్న కాగితం ఒక పక్క, నీ సంతకం ఉన్న కాగితం ఒక పక్క పెట్టుకున్నారు. "పుస్తకం ఆవిడది. ఆవిడ అన్నీ అమ్మకాలేనంటోంది. నువ్వు కాదంటున్నావు. డిపో వస్తే అక్క కొట్టు పోతుందని చివరి నిమిషంలో ఈ కథ అల్లావు" అన్నారు. కాదన్నాను. నువ్వు నిజం రాసిన ఉత్తరం చూపిద్దామంటే దాన్ని నేనే చించేశాను. నిజం చెప్పినందుకు అబద్ధాలకోరు అనిపించుకున్నాను. తీసేసిన కాగితంలో ఆ మాటే రాశారు, 'సొంతవాళ్ల కోసం మిల్లుకి తప్పుడు సమాచారం ఇచ్చినందుకు' అని. అది పట్టుకుని ఇంకో గుమ్మం ఎక్కలేను. ఏ మిల్లుకి వెళ్లినా అడుగుతారు కదా, ఎందుకు మానేశావని.

డిపో వస్తోంది. మరమ్మతులు పూర్తికాకపోయినా వచ్చే నెలలోనే తెరుస్తారట. ఇరవయ్యో తారీఖులోగా క్వార్టరు ఖాళీ చేయాలి.

నీ తప్పు లేదు. నేను చెప్పిందే చేశావు. ఇది నీకు రాయడం కూడా ఇష్టం లేకపోయింది, కానీ ఎవరో చెబితే వినడం కన్నా నయమని రాశాను.

తమ్ముడు


కొట్టు,
సెప్టెంబరు 10

నాన్నా,

నీ ఉత్తరం ఐదో తారీఖున వచ్చింది.  మర్నాడు పొద్దున్నే పుస్తకం చంకన పెట్టుకుని బయటికి వెళ్లాను.

నాలుగు రోజులుగా ఇంటింటికీ తిరుగుతున్నాను. జనవరి నుంచి జూన్ దాకా మేం వేయించిన కంచెలు ఎనభై ఒకటి. ప్రతి కంచెకీ ఇటువాళ్ల దగ్గరా, అటువాళ్ల దగ్గరా సంతకం తీసుకోవాలి, మా ఇద్దరి మధ్యా ఉన్నది ఒక్క కంచేనని. ఎందుకమ్మా అని అడుగుతారు కదా. మీరు ఒకరినొకరు నమ్మరని నేను అబద్ధం చెప్పి సంతకం పెట్టానని ప్రతి గుమ్మంలోనూ చెప్పాల్సి వచ్చింది.  నాలుగో ఇంటావిడ తలుపు మొహాన వేసింది. హెడ్మాస్టరు సంతకం పెట్టాడు గానీ, "నువ్వు కూడానా అమ్మా" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఆ రోజంతా నడిచాను. నిన్నటికి అరవై ఎనిమిది కంచెలు అయ్యాయి. మిగిలినవి మీ బావ తిరుగుతున్నారు. పన్నెండు రోజుల తర్వాత ఆయన నాతో మాట్లాడిన మొదటి మాట, "నువ్వు కూర్చో, అవి నేను తెస్తాను" అని.

పదమూడున బస్సెక్కి మిల్లుకి వస్తున్నాను. ఈ కాగితాలన్నీ మీ పెద్దసారు బల్ల మీద పెడతాను. అబద్ధానికి సంతకం పెట్టినందుకు మా కొట్టు పేరు కొట్టేస్తారు, జాలీ ఇవ్వరు. మాకు జాలీ వచ్చేది మీ మిల్లు నుంచే. కేసు పెడతామంటే పెట్టుకోమంటాను. జాలీ లేకపోతే ఈ కొట్టు ఎన్నాళ్లు నడుస్తుందో మీ బావకీ నాకూ తెలుసు. ఇద్దరం మాట్లాడుకున్నాం.

ఆగస్టు 21న నువ్వు రాసిన ఉత్తరాన్ని పొయ్యిలో పెట్టాను. ఎవరు చెప్పమన్నారని అడిగితే ఎవరూ చెప్పలేదు, నా ఆశ కొద్దీ నేనే అన్నానంటాను. అక్కడ నువ్వు ఒక్క ముక్క కూడా ఎదురు మాట్లాడకూడదు. ఇది నేను అడగడం లేదు, చెబుతున్నాను.

గేటు దగ్గరికి రాకు. నిన్ను చూస్తే ఏడుపొస్తుంది, లోపల గట్టిగా మాట్లాడలేను. నా తమ్ముడు చెప్పింది నిజమని ఆయన చేత కాగితం మీద రాయించుకుని, అది పట్టుకుని నేనే మీ ఇంటికి వస్తాను.

అక్క